గాజు పెట్టెలో పాము పిల్లలు

పుష్య మాసంలో మా ఉట్నూరు ఏజెన్సీ చలి ఎట్లా ఉంటుందో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పనక్కర లేదు. పొద్దున నీళ్ల తొట్టిలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. పిల్లలు దుప్పటి కప్పుకొనే ప్రార్థనకు వస్తారు. మా మేనమామలు మెస్రం వంశం వాళ్లు. ఆ నెలలోనే వాళ్లు కేస్లాపూర్ నాగోబా కోసం గోదావరి జలం తేవడానికి కాలినడకన హస్తినమడుగు పోయి వస్తారు. నేను చెప్పబోయేది ఆ జాతరకు వారం ముందు మా ఆశ్రమ పాఠశాలలో జరిగిన సంగతి.

ఆ రాత్రి నాది స్టడీ అవర్ డ్యూటీ. తొమ్మిదిన్నరకు పిల్లలను పడుకోబెట్టి ఇంటికి పోబోతుంటే వాచ్‌మన్ వచ్చి, "సారూ, పాత స్టోర్ రూముల లైటు ఎలుగుతున్నది" అన్నాడు. ఆ గదిలో విరిగిన బెంచీలు, పాత రిజిస్టర్లు తప్ప ఏమీ ఉండవు. తలుపు తోస్తే తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు గొంతుకూర్చొని ఉన్నాడు. వాడి ముందు సైన్సు ల్యాబు నుంచి తీసి పారేసిన చేపల తొట్టి. ఒక అద్దం పగిలితే టేపు అంటించాడు. లోపల ఇసుక, స్టీలు గిన్నెలో పాలు, పక్కన నాలుగు మెతుకులు. మూతగా పెట్టిన చెక్కకు చిల్లు చేసి వంద వాట్ల బల్బు లోపలికి వేలాడదీశాడు.

ఇసుక మీద మూడు పాము పిల్లలు. ఒక్కొక్కటి జానెడు ఉంటుంది. ఒంటి మీద తెల్లని కట్లు.

ఆ కట్లు చూడగానే నా కాళ్లు ఆడలేదు. దానికి ఒక కారణం ఉంది.

నాకు పదకొండేళ్లప్పుడు మా తమ్ముడికి ఆరేళ్లు. వానకాలం, ఇంట్లో అందరం నేల మీద పడుకున్నాం. నడిరాత్రి వాడు లేచి కడుపు నొప్పి అన్నాడు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. అజీర్తి అనుకొని అవ్వ వాము నమిలించింది. తెల్లవారేసరికి వాడి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. అప్పుడు మంత్రగాడి దగ్గరికి పోయాం. ఆయన పాము కాటే అన్నాడు గాని, ఆయన చేయగలిగింది ఏమీ లేదు. రోడ్డు దాకా మంచం మీద మోసుకుపోతుండగానే వాడి ఊపిరి ఆగింది. ఇంటికి వచ్చి చాప ఎత్తితే కింద కట్లపాము చుట్టుకొని ఉంది. కట్లపాము కాటు నొప్పి పెట్టదని, నిద్రలో ఉన్నవాళ్లకు తెలియనే తెలియదని, మొదట కడుపు నొప్పి, తరువాత రెప్పలు వాలడం, చివరికి ఊపిరి అందకపోవడం దాని వరస అని నేను టీటీసీ చదివే రోజుల్లో ఒక పుస్తకంలో చూశాను. ఆ రోజు పుస్తకం మూసి బయటికి వచ్చి కూర్చున్నాను.

అందుకే ఆ రాత్రి నేను మొదట అడిగింది ఇది: "చేత్తో పట్టుకున్నవారా?"

"పట్టుకున్న సారూ. పొద్దుగాల ఒకటి కరిచింది గూడ. ఏం గాలే" అన్నాడు నవ్వుతూ, బొటనవేలు చూపించి.

కొట్టడానికి చెయ్యి లేచింది. కొట్టి లాభం ఏమిటి? బల్బు ఆర్పి, చెక్క మీద రెండు ఇటుకలు పెట్టి, గదికి తాళం వేసి వాచ్‌మన్‌ను కూర్చోబెట్టాను. నా ఫోనుతో తీసిన ఫొటోలు ఉన్నాయి. పిల్లవాడిని బండి మీద నడుమ కూర్చోబెట్టి, వెనక ఇంకో మాస్టారిని ఎక్కించుకొని ఆసుపత్రికి పోయాను. దారంతా "నిద్ర వస్తుందా? కండ్లు మసకగా ఉన్నయా?" అని అడుగుతూనే ఉన్నాను. వాడు మాత్రం, "సారూ, బల్బు ఆర్పితే అవి చలికి సచ్చిపోతయి" అంటున్నాడు.

డ్యూటీ డాక్టరు మంచి మనిషి. కట్లపాము విషం లక్షణాలు గంటలు గడిచాక కూడా రావచ్చని, రాత్రంతా చూడాల్సిందేనని చెప్పి పడక ఇచ్చాడు. గంటకోసారి వాడి రెప్పలు చూశాడు, చేతివేళ్లతో బిగించి పట్టుకోమన్నాడు, గట్టిగా అంకెలు లెక్కపెట్టమన్నాడు. లక్షణాలు లేకుండా విరుగుడు మందు ఎక్కించకూడదట. ఆ మందు కూడా కొందరి ఒంటికి పడక ప్రమాదం తెస్తుందట. నేను స్టూలు మీద కూర్చొని తెల్లవారుదాకా వాడి మొహం చూస్తూనే ఉన్నాను. వాడి మొహంలో ఎన్నిసార్లు మా తమ్ముడు కనిపించాడో చెప్పలేను.

పొద్దున్నే పాములు పట్టి అడవిలో వదిలే ఒక స్వచ్ఛంద కార్యకర్త నుంచి ఫోను వచ్చింది. నేను పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాడట. "ఇవి కట్లపాములు కావు సార్. ఇంగ్లీషులో తోడేలు పాము అంటారు. విషం లేదు. బల్లులు తిని బతుకుతాయి" అన్నాడు. తేడా కూడా చెప్పాడు. కట్లపాముకు వెన్ను నడుమ వరసగా పెద్ద పెద్ద ఆరు పలకల పొలుసులు ఉంటాయి. ఈ పాముకు ఆ వరస ఉండదు. పెద్ద కట్లపాముకు సన్నని తెల్లగీతలు జంటలుగా, తలకు కొంత దూరం నుంచి మొదలవుతాయి. ఈ పాముకు కట్టు వెడల్పుగా మెడ దగ్గరి నుంచే ఉంటుంది. "కాని సార్, పిల్లల్లో ఈ తేడా అంత తేటగా ఉండదు. కట్లు చూసి చేత్తో పట్టుకొనే ధైర్యం ఎవరూ చేయొద్దు. మేమే చేయం" అన్నాడు.

డాక్టరు మధ్యాహ్నం దాకా ఉంచి పంపాడు. బండి మీద వస్తుంటే అప్పుడు పిల్లవాడు నోరు విప్పాడు. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు వాళ్ల చిన్నాయన ఫోనులో వీడియోలు చూశాడట. అమెరికాలో పిల్లలు గాజు పెట్టెల్లో పాములను పెంచుతారట, వెచ్చగా ఉండడానికి కరెంటు పెడతారట. "ఒక్కో పాముకు వేలల్ల పైసలిస్తరు సారూ. మనకు ఊకెనే దొరుకుతయి గద" అన్నాడు. హాస్టలు గోడకు ఆనించి పేర్చిన పాత పెంకుల కుప్ప కదిలిస్తే ఈ మూడూ కదలకుండా పడి ఉన్నాయట. చలికి చస్తున్నాయని తెచ్చాడు. వాడికి తండ్రి లేడు. తల్లి పత్తి ఏరబోతుంది. ఆ పైసల మాట వాడు ఎందుకు అన్నాడో నాకు అర్థమైంది.

బడికి రాగానే బీటు ఆఫీసరుకు ఫోను చేశాను. మన దేశపు అడవి పాములను పట్టడం, ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. ఈ మాట ప్రతి యువకుడు, ప్రతి ఉపాధ్యాయుడు గుర్తుంచుకోవాలి. పట్నంలో ఒకడు చేస్తే సరదా అంటారు, గూడెంలో మనవాడు చేస్తే కేసు అవుతుంది. ఆయన అంతా విని, "జాతర బందోబస్తుల ఉన్న సార్, ఎల్లుండి వస్త. అప్పటిదాక చావకుంట చూడండి" అన్నాడు.

గది తెరిస్తే మూడింటిలో ఒకటి అప్పటికే చనిపోయి ఉంది. రాత్రి చలికి చచ్చిందేమోనని పిల్లవాడు ఏడ్చాడు. కార్యకర్తను మళ్లీ ఫోనులో అడిగితే, బల్బు ఏ ఎత్తున ఉండేదో, అద్దం ఎంత పెద్దదో అడిగి తెలుసుకొని, "చలి కాదు, ఎండబెట్టి చంపారు" అన్నాడు. నమ్మకం కుదరక బల్బును అదే ఎత్తున మళ్లీ వెలిగించి, ఖాళీ ఇసుకలో ల్యాబు థర్మామీటరు గుచ్చాం. పది నిమిషాల్లో 42 డిగ్రీలు చూపించింది. పారిపోవడానికి చల్లని మూల లేదు, దాక్కోవడానికి నీడ లేదు, తాగడానికి నీళ్లు లేవు. పాలు ఉన్నాయి గాని, అవి పాము ఆహారం కావు. పుట్ట దగ్గర పాలు పొయ్యడం మన భక్తి. భక్తి భక్తే, పాము కడుపు వేరు.

ఆ రెండు రోజులు ఆ రెండు పాములను బతికించే పని నేను, ఆ పిల్లవాడు, పదో తరగతి పిల్లలు నలుగురు చేశాం. కార్యకర్త చెప్పినట్టే చేశాం. పిల్లలను తొట్టికి బారెడు దూరంలో ఉంచాను. లోపల ఏది మార్చాలన్నా నేనే, పొడుగు కర్రతో. పాములను కదిలించింది లేదు.

ఇసుక తీసి కాగితాలు పరిచాం. పగిలిన కుండ పెంకులు రెండు తెచ్చి, ఒకటి ఈ కొసన, ఒకటి ఆ కొసన బోర్లించాం. పాముకు దాక్కొనే చోటు ఒకటి చాలదు. వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి ఉండాలి. ఒక్కటే ఉంటే భయంతో అందులోనే ఉండి ఉడికిపోతుంది, లేదా చలికి బిగుసుకుపోతుంది. నడుమ లోతు లేని మూకుడులో నీళ్లు పెట్టాం. చెక్క మూత తీసి దోమల జాలి కప్పి, చుట్టూ బైండింగ్ వైరుతో బిగించాం. ఈ జాతి పాము నున్నని గోడను కూడా ఎక్కుతుంది, వేలు పట్టే సందు ఉంటే చాలు పోతుంది.

వంద వాట్ల బల్బు తీసేసి అరవై వాట్లది పెట్టాం. అదీ లోపల కాదు. తొట్టి బయట, ఒక కొస అద్దానికి కొంచెం దూరంగా ఇటుక మీద పెట్టి, వెనక సగం కుండ అడ్డం పెట్టాం. వేడి ఒక కొసకే తగలాలి, ఇంకో కొస చల్లగా ఉండాలి. పాము ఒంట్లో మనలాగా సొంత కుంపటి లేదు. వేడి కావాలంటే వేడి చోటికి పోతుంది, ఎక్కువైతే చల్లని చోటికి జరుగుతుంది. ఆ జరిగే వీలు ఉండాలి. పెంపుడు పాములు ఉన్న దేశాలలో తొట్టి కింద ఒక కొసన వేడిచేసే చాప పెడతారు. దానికి థర్మోస్టాట్ అనే పరికరం తగిలిస్తారు. చెప్పిన వేడి దాటగానే అది కరెంటు ఆపేస్తుంది. అది లేకుండా చాప పెడితే పాము పొట్ట కాలుతుంది. కాలుతున్నా చాలాసార్లు పక్కకు జరగదు. మాకు థర్మోస్టాట్ లేదు. అందుకని మేమే వంతులు వేసుకున్నాం.

రెండు థర్మామీటర్లు రెండు కొసలా పెట్టి, నోటుబుక్కులో గీతలు గీసి గంట గంటకు రాశాం. గది 9 డిగ్రీలు ఉన్నప్పుడు వెచ్చని కొస 27, చల్లని కొస 20. 29 దాటితే స్విచ్ ఆపేవాళ్లం, 25కు దిగితే వేసేవాళ్లం. నేను పదిహేనేళ్లుగా ఉష్ణోగ్రత పాఠం చెప్తున్నాను. ఆ పాఠానికి పిల్లలు రాత్రి మూడు గంటలకు లేచి వచ్చింది అప్పుడే. గణితంలో ఎప్పుడూ వెనకబడే పిల్లవాడు రెండో రోజు ఆ అంకెలతో గ్రాఫు గీసి తెచ్చాడు. తొట్టి పెట్టిన పిల్లవాడే వాడు.

రెండో రాత్రి వాడు అడిగిన ప్రశ్న ఇది: "సారూ, అడవిల బల్బు లేదు గద, మరి అక్కడెట్ల బతుకుతయి?"

ఈ ప్రశ్న అన్నింటికంటే పెద్దది. పెంకుల కుప్ప కింద నేల చలిని లోపలికి అంతగా పోనివ్వదు. పాము అక్కడ చలికాలమంతా కదలకుండా ఉంటుంది. ఒళ్లు చల్లబడినప్పుడు దానికి ఆకలి కూడా తగ్గుతుంది. అవి చస్తూ పడి లేవు, చలికాలం గడుపుతున్నాయి. పల్చని గాజులో పెట్టిన తర్వాతే వాటికి చలి సమస్య అయింది. మనం వేడి పెట్టగానే ఒళ్లు మేలుకుంటుంది, ఆకలి వేస్తుంది. ఈ పాము పిల్లలకు చిన్న చిన్న బల్లి పిల్లలు కావాలి. పుష్య మాసంలో అవి ఎక్కడ దొరుకుతాయి? వాడు ప్రేమతోనే తెచ్చాడు. కాని ఆ కుప్పను ముట్టుకోకుండా ఉంటే మూడూ బతికేవి. ఇది చెప్తే వాడు చాలాసేపు మాట్లాడలేదు.

మరునాడు మా గూడెం దేవారి తాత బడికి వచ్చాడు. చచ్చిన పిల్లను ఏం చెయ్యాలని పిల్లవాడు కబురు పెట్టాడట. తాత తొట్టి చుట్టూ తిరిగి చూసి, "తరాస్‌ను మొక్కుతం, దారి ఇస్తం. ఇంట్ల కట్టెయ్యం. నాగోబా పుట్టల ఉంటడు గని పెట్టెల ఉండడు బిడ్డా" అన్నాడు. మర్రి చెట్టు కింద గుంత తీసి పూడ్చారు. సాయంత్రం బీటు ఆఫీసరు వచ్చి, ఎండ ఇంకా ఉండగానే వాగు పక్క రాళ్ల కుప్ప దగ్గర రెండింటినీ వదిలించాడు. పిల్లవాడి పేరు రాసుకోలేదు. "ఇంకోసారి దొరికితే నాకు ఫోన్ చెయ్యి" అని నంబరు ఇచ్చాడు.

అక్కడితో అయిపోలేదు. బడిలో పెద్దలు కొందరు వాడికి టీసీ ఇచ్చి పంపాలన్నారు. పాములు తెచ్చినవాడు రేపు ఇంకేమైనా తెస్తాడు, ఎవరికైనా ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి అన్నారు. ఆ మాటలో తప్పు లేదు. కాని నేను వాళ్లను హాస్టలు వెనక్కి తీసుకుపోయాను. గోడకు ఆనించిన పెంకుల కుప్ప చూపించాను. దాని పైన కిటికీ, కిటికీకి జాలి లేదు. లోపల ఎనభై మంది పిల్లలు నేల మీద పడుకుంటున్నారు. మంచాలు రావాలని రాసిన కాగితాలు ఫైలులోనే ఉన్నాయి. బల్లుల కోసం ఈ పాము వచ్చింది. ఎలుకల కోసం, పాముల కోసం కట్లపాము వస్తుంది. అది చిన్న పాములను కూడా తింటుంది. పిల్లవాడు పెట్టెలో పెట్టినవాటికి విషం లేదు. మనం ఎనభై మందిని పడుకోబెట్టిన చోటికి విషం ఉన్నది ఏ రాత్రైనా రావచ్చు. టీసీ ఇస్తే ముందు నాకు మెమో ఇవ్వండి అన్నాను. మా తమ్ముడి సంగతి మా స్టాఫుకు నేను చెప్పింది ఆ రోజే. టీసీ మాట ఆగింది.

ఆ ఆదివారం అందరం కలిసి కుప్పను హాస్టలుకు దూరంగా, కంచె అవతలికి మార్చాం. అడుగున ఉన్నవాటికి దారి ఇస్తూ, గడ్డపారతో మెల్లగా, చేతులు పెట్టకుండా మార్చాం. కిటికీలకు జాలి కొట్టించాం. దోమతెరలు కట్టి అంచులు చాప కిందికి మడిచి పడుకోవడం నేర్పాం. ఆ మడత కట్లపామును కూడా ఆపుతుంది. రాత్రి బయటికి పోతే టార్చి తప్పనిసరి చేశాం. మంచాలు తరువాతి జూన్‌లో సగం మందికి వచ్చాయి. మిగతా సగం కోసం ఇంకా రాస్తున్నాను.

పిల్లవాడికి ఇంకో సంగతి కూడా చెప్పాను. వాడు వీడియోలో చూసిన గాజు పెట్టెల కథకు ఒక చివర ఉంది. అమెరికాలో పెంచుకోవడానికి ఆసియా నుంచి తెచ్చిన బర్మా కొండచిలువలు పెట్టెలకు పట్టనంత పెరిగాయి. కొన్నింటిని వదిలేశారు, కొన్ని తప్పించుకున్నాయి. ఫ్లోరిడా చిత్తడి అడవుల్లో అవి గుడ్లు పెట్టి, అక్కడి జంతువులను తిని, ఎవరూ అదుపు చేయలేనంత అయ్యాయి. 2012లో ఆ దేశం వాటి దిగుమతిని నిషేధించింది. 2017లో వాటిని వెతికి పట్టడానికి అక్కడివాళ్లు ఎవరిని పిలిచారో తెలుసా? తమిళనాడు ఇరుల ఆదివాసులను. మాసి సదయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు. బడి చదువు లేనివాళ్లు. జాడ చూసి, గడ్డి వంపు చూసి పాము ఎటు పోయిందో చెప్పగలరు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఆ ఇరులవాళ్లే 1978 నుంచి సహకార సంఘం పెట్టుకొని, ప్రభుత్వ అనుమతితో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి పట్టి, కుండల్లో కొన్నాళ్లు ఉంచి, విషం తీసి మళ్లీ అడవిలో వదులుతారు. మన ఆసుపత్రుల్లో ఎక్కించే విరుగుడు మందు చాలావరకు ఆ విషంతో తయారవుతుంది. ఆ రాత్రి డాక్టరు సిద్ధంగా పెట్టుకున్న సీసా వెనక కూడా ఆదివాసుల చేతులు ఉన్నాయి.

"పాము మీద నీకు ఇష్టం ఉంది. అది తప్పు కాదురా. దానికి చదువు తోడు కావాలి, చట్టం తెలియాలి" అన్నాను.

వాడు ఇప్పుడు ఇంటర్ బైపీసీ చదువుతున్నాడు. ప్రతి ఏడు జాతరకు వచ్చినప్పుడు కనిపించి రాం రాం చెప్తాడు. గూడెంలో పాము కనిపిస్తే ఇప్పుడు వాడికి ఫోను చేస్తారు. వాడు పట్టడు. జనాన్ని దూరం జరిపి, బీటు ఆఫీసరుకు ఫోను చేసి, ఆయన వచ్చేదాకా అది ఎటు పోతుందో చూస్తూ నిలబడతాడు. ఒకసారి తెల్లవారుజామున ఒక ఆడపిల్లకు కడుపు నొప్పి అంటే, గాటు కనిపించకపోయినా, వాము నమిలించనివ్వకుండా, కట్టు కట్టనివ్వకుండా, కోయనివ్వకుండా 108కు ఫోను చేశాడు. ఆ పిల్ల బతికింది. ఈ సంగతి వాడు చెప్పలేదు, వాళ్ల అమ్మ చెప్పింది.

తోటి ఉపాధ్యాయులకు నా మాట ఒకటే. మన పిల్లలు అడవి నుంచి ఏదో ఒకటి జేబులో పెట్టుకొని బడికి వస్తారు. చూడగానే చెయ్యి ఎత్తకండి. ముందు వాళ్లకు ఏమీ కాకుండా చూడండి. తరువాత ఆ జేబులోని దాని గురించి మీకు తెలియకపోతే, వాళ్లతో కలిసి నేర్చుకోండి. మా ల్యాబు నోటుబుక్కు ఇంకా నా దగ్గర ఉంది. మొదటి పేజీలో పిల్లవాడి రాతలో 42 అని ఉంది. దాని కింద వాడే గీత గీసి, ఒకటి చచ్చింది అని రాశాడు. చివరి పేజీలో సాయంత్రం నాలుగు, రెండూ పోయినయి, బతికి పోయినయి అని ఉంది.